క్యాబినెట్ లోపల బిగించిన చిన్న డిస్‌ప్లేకు పవర్ ఎక్కడి నుంచి ఇవ్వాలి?

మీరు ఇచ్చిన వివరాలను బట్టి పరిస్థితి ఇది. గాజు తలుపు ఉన్న కంప్యూటర్ క్యాబినెట్‌లో, గ్రాఫిక్స్ కార్డు కింద, 7 అంగుళాల 1024×600 హెచ్‌డీఎంఐ టచ్ డిస్‌ప్లేను బిగించారు. ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ల వేగం అందులో కనిపించాలన్నది మీ ఉద్దేశం. పవర్ కోసం మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ హెడర్ (యూఎస్‌బీ కేబుల్ తగిలించే పిన్నుల వరుస) నుంచి సుమారు 60 సెంటీమీటర్ల సన్నని కేబుల్ లాగారు. బ్రైట్‌నెస్ సగం దాటగానే తెర మినుకుమినుకుమంటోంది, కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా బ్యాక్‌లైట్ ఆరడం లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు పవర్ ఇచ్చే పెట్టె) వైర్లను కోసి నేరుగా కలపవచ్చా, మొబైల్ ఛార్జర్ ఒకటి విడిగా పెట్టుకోవడం మేలా, లేక ఎవరో చెప్పినట్లు 12 వోల్టుల లైనుకు 7805 రెగ్యులేటర్ (వోల్టేజీని 5కు తగ్గించే చిప్) పెట్టాలా అన్నవి మీ ప్రశ్నలు.

సమాధానం ముందే చెబుతాను. పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచే తీసుకోండి, కానీ దాని సొంత వైర్లను కోయకండి. ఖాళీగా ఉన్న మోలెక్స్ (నాలుగు పిన్నుల) కనెక్టర్‌కు ఒక స్ప్లిటర్ కేబుల్ (ఒక కనెక్టర్‌ను రెండుగా చీల్చేది) తగిలించి, ఆ స్ప్లిటర్‌లోని ఎరుపు వైరును ఫ్యూజ్ మీదుగా, నలుపు వైరును నేరుగా డిస్‌ప్లేకు ఇవ్వండి. టచ్ కోసం ఉన్న యూఎస్‌బీ కేబుల్‌లో 5 వోల్టుల వైరును తొలగించి దానిని డేటాకు మాత్రమే పరిమితం చేయండి. ఈ రెండో పని చేయకుండా మొదటిది చేస్తే ఇప్పుడున్న సమస్య కన్నా పెద్ద సమస్య వస్తుంది కనుక, దాని గురించి కింద కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మినుకుమినుకుల సంగతి చూద్దాం. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 18వ పిన్ మీద 5 వోల్టులు ఉంటాయి గానీ, ప్రమాణం ప్రకారం కంప్యూటర్ వైపు నుంచి ఆ పిన్ మీద హామీగా దొరికేది 55 మిల్లీ ఆంపియర్లే. తెర వివరాలు చదివించుకోవడానికి అది చాలుతుంది, బ్యాక్‌లైట్ వెలిగించడానికి ఏ మూలకూ చాలదు. అందుకే ఈ డిస్‌ప్లే మాడ్యూళ్లకు (తెర, దాని వెనుక బోర్డు కలిసినవి) విడిగా 5 వోల్టుల సాకెట్ పెడతారు. 7 అంగుళాల తెర పూర్తి వెలుగులో అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ లోపు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ఒక పరికరం తీసుకోదగినది గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు, అదీ కంప్యూటర్‌తో మాట్లాడి అనుమతి పొందిన తరువాత. కేవలం పవర్ కోసం తగిలించిన కేబుల్ ఆ అనుమతిని ఎన్నడూ అడగదు. చాలా మదర్‌బోర్డులు ఆ నియమాన్ని గట్టిగా అమలు చేయవు కాబట్టి తెర వెలుగుతోంది, అంతే.

అయితే మీ విషయంలో అసలు దోషి హెడర్ కాకపోవచ్చు, కేబులే కావచ్చు. చవక యూఎస్‌బీ కేబుళ్లలో పవర్ వైర్లు తరచుగా 28 గేజ్ ఉంటాయి (గేజ్ సంఖ్య పెరిగిన కొద్దీ వైరు సన్నబడుతుంది). 28 గేజ్ రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్. కేబుల్ పొడవు 60 సెంటీమీటర్లయితే, కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్కలోకి వచ్చే పొడవు 1.2 మీటర్లు, అంటే పావు ఓమ్. దాని గుండా 0.8 ఆంపియర్ పారితే 0.2 వోల్టులు వైరులోనే పోతాయి. హెడర్ దగ్గర 4.9 ఉన్నది తెర దగ్గరకు వచ్చేసరికి 4.7 అవుతుంది. కనెక్టర్ల దగ్గర పోయేది దీనికి అదనం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బ్యాక్‌లైట్‌లోని తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. వాటిని మూడేసి వరుసగా కలిపిన ప్యానెల్‌కు 9 వోల్టుల పైమాటే. మాడ్యూల్ మీది బూస్ట్ కన్వర్టర్ 5 వోల్టులను అంత ఎత్తుకు పెంచుతుంది. దానికి అందే వోల్టేజీ తగ్గిన కొద్దీ, అదే వెలుగును నిలబెట్టడానికి అది మరింత కరెంటు లాగుతుంది. మరింత కరెంటు లాగితే వైరులో వోల్టేజీ ఇంకా పడిపోతుంది. ఒక హద్దు దాటాక కన్వర్టర్ చేతులెత్తేసి మళ్లీ మొదలవుతుంది. సగం బ్రైట్‌నెస్ దాకా బాగుండి, ఆ పైన మాత్రమే మినుకుమనడం ఈ తరహా లోపానికి గుర్తు.

నలుపు వైరులో పోయే వోల్టేజీని చాలామంది పట్టించుకోరు. పైన చెప్పిన 0.2లో సగం, అంటే 0.1 వోల్టు, గ్రౌండు వైరులో పోతుంది. అప్పుడు డిస్‌ప్లే గ్రౌండు కంప్యూటర్ గ్రౌండు కన్నా 0.1 వోల్టు పైన ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ షీల్డు ఆ రెండు గ్రౌండ్లనూ కలుపుతుంది కనుక తిరుగు కరెంటులో కొంత ఆ దారి పడుతుంది. తెర మీద సన్నని గీతలు పాకడం, అప్పుడప్పుడు ఒక క్షణం నల్లబడడం కూడా కనిపిస్తుంటే ఇదీ ఒక కారణం కావచ్చు. పవర్ కేబుల్‌లో నలుపు వైరు వదులైతే మొత్తం తిరుగు కరెంటు సిగ్నల్ కేబుల్ మీదే పడుతుంది. తెర వెలుగుతూనే ఉంటుంది కనుక ఆ లోపం ఒక పట్టాన దొరకదు.

షట్‌డౌన్ తరువాత వెలగడానికి కారణం వేరు. ఎస్‌ఎంపీఎస్ ఆఫ్‌లో ఉన్నా, వెనుక స్విచ్ వేసి ఉన్నంతకాలం, 24 పిన్నుల కనెక్టర్‌లోని ఊదా రంగు వైరు మీద స్టాండ్‌బై 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. పవర్ బటన్ పనిచేసేది దాని వల్లనే. కీబోర్డుతో కంప్యూటర్‌ను లేపడానికీ, ఆఫ్‌లో ఉండగా ఫోన్ ఛార్జ్ చేయడానికీ వీలుగా చాలా మదర్‌బోర్డులు యూఎస్‌బీ పోర్టులకు ఈ స్టాండ్‌బై లైనునే ఇస్తాయి. బయాస్‌లో ఈఆర్‌పీ అనే ఎంపికను ఎనేబుల్ చేస్తే సాధారణంగా ఆ పవర్ ఆగిపోతుంది. ఆఫ్‌లో ఉన్న పరికరం అర వాట్‌కు మించి వాడకూడదన్న ఐరోపా నిబంధన కోసం వచ్చిన సౌకర్యం అది. మీకు వెంటనే ఉపశమనం కావాలంటే ఈ రాత్రికి అది చేయండి. కానీ దాని వల్ల మినుకుమినుకులు పోవు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి తీసుకునే పద్ధతి. మోలెక్స్ అని మనం పిలిచే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో వరుసగా పసుపు, నలుపు, నలుపు, ఎరుపు వైర్లు ఉంటాయి. పసుపు మీద 12 వోల్టులు, ఎరుపు మీద 5 వోల్టులు, నలుపు రెండూ గ్రౌండు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం 5 వోల్టుల లైనుకు అటూ ఇటూ 5 శాతం తేడాను అనుమతిస్తుంది, అంటే 4.75 నుంచి 5.25 దాకా. కంప్యూటర్ ఆఫ్ చేస్తే ఈ లైను పూర్తిగా చచ్చిపోతుంది, మీ తెర కూడా దానితో పాటే ఆరిపోతుంది. మోలెక్స్ ఖాళీ లేకపోతే సాటా పవర్ కనెక్టర్ (హార్డ్ డిస్కులకు పెట్టేది) నుంచి తీసుకోవచ్చు. దానిలోని 15 పిన్నులలో 7, 8, 9 పిన్నులు 5 వోల్టులవి, ఒక్కోటి 1.5 ఆంపియర్లు మోయగలదు కనుక మీ అవసరానికి ఎక్కువే. అయితే మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక అడాప్టర్లలో, కనెక్టర్ మొత్తాన్ని ఒకే ముద్దగా ప్లాస్టిక్ పోసి అతికించిన రకం కొనకండి. లోపల వైర్లు పక్కకు జరిగి ఒకదానికొకటి తగిలి, కనెక్టర్ కాలిపోయిన సందర్భాలు బాగా తెలిసినవే. వైర్లు విడివిడిగా లోహపు బిళ్లల మీద నొక్కి బిగించి ఉన్న రకం తీసుకోండి.

రంగులను గుడ్డిగా నమ్మవద్దు. ఈమధ్య వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో కేబుళ్లన్నీ నలుపే. మాడ్యులర్ రకమైతే, అంటే కేబుళ్లను విడదీసి తగిలించుకునేదైతే, ఇంకా జాగ్రత్త పడాలి. కేబుల్‌కు డిస్కు వైపు ఉండే కనెక్టర్‌కు ప్రమాణం ఉంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే కనెక్టర్‌లో ఏ పిన్ ఎక్కడ ఉండాలన్న ప్రమాణం లేదు, అది కంపెనీకో రకంగా ఉంటుంది. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కొత్తదానిలో చక్కగా దూరినంత మాత్రాన అది సరైనదని కాదు. 5 వోల్టులు రావలసిన చోట 12 వచ్చి, తెరతో పాటు హార్డ్ డిస్కులు కూడా పోతాయి. మీ ఎస్‌ఎంపీఎస్‌తో పెట్టెలో వచ్చిన కేబుల్ తప్ప వేరేది వాడకండి.

వైరు కోసం 22 గేజ్ తీసుకోండి. దాని నిరోధం మీటరుకు 0.053 ఓమ్, కాబట్టి పైన వేసిన లెక్కలో 0.2 వోల్టులు పోయిన చోట ఇందులో 0.05 మాత్రమే పోతుంది. ఇంకా మందం 18 గేజ్ వైరు వేస్తే నష్టం లేదు కానీ, చివర పెట్టే మైక్రో యూఎస్‌బీ పిన్‌కు దానిని సోల్డర్ చేయడం కష్టం, పైగా బరువుకు సాకెట్ ఊడివస్తుంది. ఆ పిన్‌ను విడిగా చేసుకోలేకపోతే, మంచి ఛార్జింగ్ కేబుల్‌ను 20 సెంటీమీటర్ల దగ్గర కోసి, మైక్రో యూఎస్‌బీ ఉన్న ముక్కను వాడి, మిగిలిన దూరమంతా 22 గేజ్ వేయండి. అతుకు మీద హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) తప్పనిసరి. ఇన్సులేషన్ టేపు క్యాబినెట్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది.

ఫ్యూజ్ గురించి చాలామంది అడుగుతారు, ఎస్‌ఎంపీఎస్‌లోనే రక్షణ ఉంది కదా అని. ఉంది, కానీ అది ఎస్‌ఎంపీఎస్‌ను కాపాడుకోవడానికి ఉంది. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో 5 వోల్టుల లైను 15, 20 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. మీ సన్నని వైరులో ఎక్కడో పాక్షికంగా షార్ట్ అయి 8 ఆంపియర్లు పారుతుంటే అది దానికి మామూలు లోడులాగే కనిపిస్తుంది, ఈలోగా వైరు మీది ప్లాస్టిక్ కరగడం మొదలవుతుంది. కాబట్టి ఎరుపు వైరులో, స్ప్లిటర్‌కు వీలైనంత దగ్గరగా, 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. తెర దగ్గర పెట్టిన ఫ్యూజ్ దారిలో జరిగే షార్ట్‌కు పనికిరాదు. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో బ్లేడ్ ఫ్యూజ్, వైరుతో కూడిన హోల్డర్ దొరుకుతాయి. 2 ఆంపియర్ల బ్లేడ్ బూడిద రంగులో ఉంటుంది. హైదరాబాదులో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఈ సరంజామా అంతా ఒకేచోట దొరుకుతుంది. తెర ఒక ఆంపియర్ లోపే తీసుకుంటుంది కదా అని మరీ దగ్గరి విలువ పెట్టకండి. ఫ్యూజ్ చిన్నదైన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, వైరులో మిగుల్చుకున్నది ఫ్యూజులో పోగొట్టుకున్నట్లవుతుంది. తనంతట తాను కోలుకునే పాలీఫ్యూజ్‌లకూ ఇదే ఇబ్బంది. పైగా వేడి క్యాబినెట్‌లో అవి రాసి ఉన్న విలువ కన్నా ముందే అడ్డం తిరుగుతాయి.

ఇక ముందు చెప్పిన పెద్ద సమస్య. మీ మాడ్యూల్‌కు రెండు మైక్రో యూఎస్‌బీ సాకెట్లు ఉన్నాయని రాశారు, ఒకటి పవర్‌కు, ఒకటి టచ్‌కు. ఇలాంటి బోర్డులలో చాలా వాటిపై ఆ రెండు సాకెట్ల 5 వోల్టుల పిన్నులు లోపల ఒకే రాగి గీతకు కలిసి ఉంటాయి, మధ్యలో డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) కూడా ఉండదు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, కేబుళ్లేవీ తగిలించకుండా, రెండు సాకెట్ల 5 వోల్టుల పిన్నుల మధ్య తాకించి చూడండి. బీప్ వస్తే కలిసి ఉన్నట్లే. ఇప్పుడు పవర్ సాకెట్‌కు ఎస్‌ఎంపీఎస్ ఎరుపు లైను, టచ్ సాకెట్‌కు మదర్‌బోర్డు యూఎస్‌బీ తగిలించారనుకోండి. కంప్యూటర్ నడుస్తున్నంతసేపు రెండు వైపులా 5 వోల్టులే కనుక ఏమీ కనిపించదు. షట్‌డౌన్ చేసిన మరుక్షణం ఎరుపు లైను ఆగిపోతుంది, యూఎస్‌బీ వైపు స్టాండ్‌బై మాత్రం బతికే ఉంటుంది. ఆ స్టాండ్‌బై కరెంటు టచ్ కేబుల్ గుండా మాడ్యూల్‌లోకి, అక్కడి నుంచి మీరు కొత్తగా వేసిన వైరు గుండా వెనక్కి ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల లైనులోకి పారుతుంది. ఆ లైను మీద ఉన్న ప్రతి డిస్కునూ, ప్రతి ఆర్‌జీబీ పట్టీనీ ఆ సన్నని టచ్ కేబుల్ ఒక్కటే మోయవలసి వస్తుంది. అప్పుడు ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్‌లో లైట్లు మసకగా వెలగడం, యూఎస్‌బీ హెడర్ ఫ్యూజ్ పోవడం, మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ లేవకపోవడం వంటివన్నీ జరగవచ్చు.

దీనికి విరుగుడు సులువు. టచ్ కేబుల్‌ను మధ్యలో జాగ్రత్తగా ఒలిచి, అందులోని ఎరుపు వైరును మాత్రమే కత్తిరించి, రెండు కొసలనూ విడివిడిగా స్లీవ్‌తో మూసేయండి. ఆకుపచ్చ, తెలుపు డేటా వైర్లను, నలుపు గ్రౌండును ముట్టుకోవద్దు. టచ్ చిప్‌కు కావలసిన పవర్ మాడ్యూల్ నుంచే అందుతుంది కాబట్టి ఈ రకం తెరలలో టచ్ మామూలుగానే పనిచేస్తుంది. ఎరుపు వైరు కోయకుండా డయోడ్ పెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. షాట్కీ డయోడ్ కూడా 0.3 వోల్టులకు అటూ ఇటూ తినేస్తుంది, మనం ఇంతసేపూ 0.15 వోల్టుల కోసమే తంటాలు పడుతున్నాం.

మొబైల్ ఛార్జర్ వద్దనడానికి కారణం కూడా ఈ కోవకు చెందినదే. హెచ్‌డీఎంఐ సిగ్నల్ జతలకు తెర వైపున 50 ఓమ్‌ల నిరోధాలు 3.3 వోల్టులకు కట్టి ఉంటాయి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండి తెరకు మాత్రం ఛార్జర్ నుంచి పవర్ ఉంటే, ఆ నిరోధాల గుండా కరెంటు నిద్రపోతున్న గ్రాఫిక్స్ కార్డులోకి చేరుతూ ఉంటుంది. రెండు పిన్నుల ఛార్జర్‌కు ఎర్తు కూడా ఉండదు. దాని అవుట్‌పుట్ లోపలి కెపాసిటర్ వల్ల భూమికి పదుల వోల్టుల పైన తేలుతుంటుంది. కరెంటు చాలా తక్కువే అయినా, ఛార్జర్ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ తగిలిస్తే ఆ మొదటి తాకిడి పోర్టు మీద పడవచ్చు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఇది మరీ ప్రమాదం.

7805 సలహా పాతకాలపుది. 12 వోల్టుల నుంచి 5 చేయడానికి అది మిగిలిన 7 వోల్టులనూ వేడిగా మారుస్తుంది. 0.8 ఆంపియర్‌కు 5.6 వాట్లు. దానికి హీట్‌సింక్ పెట్టి, ఆ వేడిని మళ్లీ ఫ్యాన్లతో బయటకు పంపుకోవాలి. ఎరుపు వైరు మీద 5 వోల్టులు సిద్ధంగా ఉండగా ఈ కష్టం ఎందుకో నాకు అర్థం కాదు. ఫ్యాన్ హెడర్ నుంచి తీసుకోవడం కూడా అంతే అనవసరం. మదర్‌బోర్డు ఫ్యాన్ వేగాన్ని వోల్టేజీతో నియంత్రించే మోడ్‌లో ఉంటే అక్కడి 12 వోల్టులు ఎప్పుడు 6 అవుతాయో చెప్పలేం.

మీ స్నేహితుడి తెరలకు ఇదే పద్ధతి వర్తిస్తుందా అని చివర అడిగారు. 0.96 అంగుళాల ఓలెడ్ అయితే 20 మిల్లీ ఆంపియర్ల వ్యవహారం, దేని నుంచి ఇచ్చినా నడుస్తుంది. ఒకే యూఎస్‌బీ కేబుల్‌తో బొమ్మ, పవర్ రెండూ వెళ్లే 3.5 అంగుళాల తెరను మదర్‌బోర్డు హెడర్ మీదే ఉంచాలి, దాని అవసరం పోర్టు హద్దులోనే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు కంట్రోలర్ బోర్డు కట్టినదైతే ఆ బోర్డుకు ఎక్కువగా 12 వోల్టులు కావాలి కనుక పసుపు వైరు వాడాలి. అయితే ఆ బోర్డు మీద ప్యానెల్ వోల్టేజీని 3.3, 5, 12లలో ఎంచుకునే జంపర్ ఒకటి ఉంటుంది. ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు సాధారణంగా 3.3 కావాలి, జంపర్ 12 మీద ఉండగా పవర్ ఇస్తే ప్యానెల్ అక్కడికక్కడే పోతుంది.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన చార్జిని పోనివ్వండి. మోలెక్స్ మూలలు రెండు చెక్కినట్లు ఉంటాయి. మెత్తని ప్లాస్టిక్ స్ప్లిటర్‌ను బలవంతంగా తిప్పి దూర్చగలరు, అప్పుడు 5 ఉండవలసిన చోట 12 ఉంటుంది. కొత్త కేబుల్‌ను తెరకు తగిలించకుండా ముందు కంప్యూటర్‌ను ఆన్ చేసి, కేబుల్ చివర మల్టీమీటర్‌తో 5 వోల్టులు, ధ్రువాలు సరిగా ఉన్నాయని చూసి, ఆఫ్ చేసి, ఆ తరువాతే తగిలించండి. మాడ్యూల్ వెనుక సోల్డర్ మొనలు బయటికి ఉంటాయి, క్యాబినెట్ రేకు మొత్తం గ్రౌండే, కాబట్టి ఇత్తడి స్టడ్‌ల మీద కనీసం 5 మిల్లీమీటర్ల ఎడంతో బిగించండి. అయస్కాంతాలతో అంటించే ఉద్దేశం ఉంటే వెనుక పలుచని ఇన్సులేటింగ్ షీటు వేయండి.

అన్నీ అయ్యాక బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, తెల్లని బొమ్మ పెట్టి, మాడ్యూల్ మీది 5 వోల్టుల, గ్రౌండు బిందువుల దగ్గర కొలవండి. 4.8 పైన నిలకడగా ఉంటే పవర్ వైపు పని పూర్తయినట్లే. తరువాత షట్‌డౌన్ చేసి అదే చోట మళ్లీ కొలవండి, కొన్ని క్షణాల్లో సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే టచ్ కేబుల్‌లో ఎరుపు వైరు ఇంకా ఎక్కడో కలిసి ఉంది. 4.8 ఉండి కూడా తెర మినుకుమంటుంటే ఇక హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మార్చి చూడండి. ముఖ్యంగా క్యాబినెట్‌లో ఇరుకు కోసం వాడే పలుచని రిబ్బన్ రకం కేబుల్ గ్రాఫిక్స్ కార్డు పక్కగా మడిచి వెళుతుంటే, ముందు ఆ మడతను సరిచేయండి.